వాన కచేరీలో కప్పమ్మ చోటు

ఒకప్పుడు అడవిలో పాటకి వరుసలంటూ ఉండేవి కావు. ఎవరికి తోచిన చోట వాళ్లు కూర్చుని పాడేసేవారు.

మొదట పాడింది కీచురాయి ఒక్కటే. ఎండాకాలం చివర రెక్కలు రాసి సన్నగా రాగం తీస్తే, మబ్బు కిందికి వంగి వినేది. వింటూ వింటూ కురిసేది. కొన్నాళ్లకి కోయిల వచ్చి చేరింది. పాటకి తీపి వచ్చింది. మరో ఏడు వడ్రంగిపిట్ట వచ్చి మోడు మీద టకటకా తాళం వేసింది. మబ్బుకి ఇంకా నచ్చింది.

ఆ తర్వాత కప్పమ్మ వచ్చింది. పాపం, ఆవిడ అవసరం ఆవిడది. గుంటలో నీళ్లు ఇంకిపోతున్నాయి, అందులో ఇంకా తోకలైనా ఊడని పిల్లలున్నాయి. గట్టిగా పాడితే వాన తొందరగా వస్తుందనుకుని, కీచురాయి పక్కనే చతికిలబడి గొంతు చించుకుంది.

ఇక చూడాలి ఆ సంబరం. తన పాట తనకే వినబడక కోయిల అరిచింది. కోయిలని మించాలని వడ్రంగిపిట్ట మోడుని చితక్కొట్టింది. పైనున్న మబ్బు ఇదేదో తగువనుకుని, మనకెందుకులే అని కొండ అవతలికి తప్పుకుంది.

గుంటలో దోసెడు నీళ్లే మిగిలాయి. కప్పమ్మ ఏడ్చింది. ఈవిడని పంపేస్తే గానీ పాట బాగుపడదని వడ్రంగిపిట్ట విసుక్కుంది. కోయిల కూడా సరేనంది. కీచురాయి మాత్రం ఒప్పుకోలేదు.

"నీ గొంతులో తప్పేం లేదక్కా. కూర్చున్న చోటే కుదరలేదు. గుంట అవతలి గట్టుకి వెళ్లి పాడు," అంది.

కప్పమ్మ మనసు చివుక్కుమంది. "అంత దూరం పోతే నేను పాడుతున్నట్టు ఎవరికి తెలుస్తుంది?"

"మబ్బుకి తెలుస్తుంది."

కప్పమ్మ పిల్లల వంక చూసుకుంది. గెంతుకుంటూ అవతలి గట్టుకి పోయింది.

మర్నాడు మబ్బు కొండ దిగి ఇటే వస్తోంది. కీచురాయి రాగం అందుకుంది. కోయిల గొంతు కలిపింది, వడ్రంగిపిట్ట తాళం వేసింది. అందరి పాటా వినబడ్డాక, అప్పుడు కప్పమ్మ బెకబెకమంది. అంత మోతా దూరం నుంచి వచ్చేసరికి మెత్తబడి, సన్నపాటల కింద పరుపులా పరుచుకుంది. పంపేయాలన్న వడ్రంగిపిట్టే మెచ్చుకోలుగా తల తిప్పి చూసింది.

మబ్బు ఆగింది, వంగింది, కురిసింది. గుంట నిండింది. తోకపిల్లలు కొత్తనీళ్లలో గిరగిరా తిరుగుతుంటే కప్పమ్మ కడుపు కూడా నిండిపోయింది.

అప్పటినుంచే కీచురాయి మన గడప పక్కనే పాడినా, కప్ప మాత్రం దూరాన నీటి గట్టు మీదే పాడుతుంది. పాట బాగుంది కదా అని దగ్గరికి వెళ్లామో, ఠక్కున ఆపేస్తుంది. మనం వెనక్కి నడిచి దూరంగా వచ్చేదాకా మళ్లీ అందుకోదు.