దాలమ్మ చదువుతున్న వీడియో

రెండువేల పదిహేడు, ఆషాఢం. పలాసలో వానలు ఇంకా సరిగా పట్టలేదు. పంతులు ఉద్యోగానికి శిక్షణ తీసుకుంటున్న భానోజీకి ఆ సోమవారం ఒళ్లు మండిపోతోంది.

జీడిపప్పు కార్ఖానా ఆడవాళ్లకు ఆదివారం మధ్యాహ్నాలు చదువు చెప్పడం ఆ శిక్షణలో భాగం. అతని తరగతికి మూడు వారాలుగా దాలమ్మ రావడం లేదు. నిన్న ఇంటికి వెళ్లి పిలిస్తే తలుపు సగమే తీసి, "నాకు సదువొద్దు బాబూ, ఎల్లు" అంది.

భానోజీ తనకి శిక్షణ ఇచ్చే వైకుంఠరావు మాస్టారి బల్ల ముందు నిలబడ్డాడు.

"నేనేం తప్పు చేశాను మాస్టారూ? ఆవిడ వాచకం చదువుతుంటే వీడియో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాను. యాభై ఏళ్ల మనిషి, వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటోంది. అది చూసి నలుగురూ చదువుకి వస్తారని పెట్టాను. నాలుగువేల మంది చూశారు. మెచ్చుకున్నవాళ్లే ఎక్కువ."

"నవ్వినవాళ్లు?"

"ఎవడో వెధవ దాన్ని కార్ఖానా వాట్సాప్ గ్రూపులో పడేశాడు, అక్కడ నవ్వారు. దానికి నేనేం చెయ్యను? రేపటి చదువంతా ఫోన్లోనే అని మొన్న సెమినార్లో మీ ముందే పత్రం చదివాను. అందరూ చప్పట్లు కొట్టారు."

మాస్టారి ముఖం కందిపోయింది. భానోజీ చేతిలోంచి ఫోన్ లాక్కుని తరగతి గదిలోకి నడిచారు. అతనితో శిక్షణ పొందుతున్న ముప్పైమందీ లేచారు.

సరిహద్దు బళ్లలో పనికొస్తుందని ఆయన నెలనాళ్లుగా వాళ్లందరికీ ఒడియా అక్షరాలు నేర్పుతున్నారు. బీరువాలోంచి ఒడియా ఒకటో తరగతి వాచకం తీసి భానోజీ చేతికిచ్చారు. ఫోన్ ఎత్తి పట్టుకున్నారు.

"చదువు."

మొదటి మాట ఎలాగో దాటాడు. రెండో మాట దగ్గర నాలుక ఆగిపోయింది. వేలు ఆనించి వెతుక్కున్నాడు.

"ఇంత మనిషివి, ఆ ముక్క రాదేట్రా" అన్నాడు వెనక బెంచీలోంచి తవిటినాయుడు. గది గొల్లుమంది.

మాస్టారు ఆపలేదు. పూర్తిగా నిమిషం తీశారు. ఆ తరవాత ఫోన్ భానోజీ ముందు పెట్టారు. తెర మీద వీడియో సిద్ధంగా ఉంది. వేలితో తాకితే చాలు, ఫేస్‌బుక్‌లోకి వెళ్లిపోతుంది.

"పెట్టు. నలుగురూ చూసి ఒడియా నేర్చుకుంటారు."

"వద్దు మాస్టారూ."

"మెచ్చుకునేవాళ్లే ఎక్కువుంటారు."

"వద్దన్నాను కదా." భానోజీ గొంతు లేచింది. కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"నిన్ను నేనడిగాను, నువ్వు వద్దన్నావు" అన్నారు మాస్టారు. "ఆవిణ్ణి ఎవరడిగారు?"

గదిలో నవ్వు ఆగిపోయింది. ఎవరూ చెప్పకుండానే భానోజీ ఫోన్ తీసుకుని రెండు వీడియోలూ చెరిపేశాడు. కార్ఖానా గ్రూపులోది చెరపడం అతని చేతిలో లేదు.

తరవాత నాలుగు ఆదివారాలు ఆమె ఇంటికి వెళ్లాడు. దాలమ్మ తలుపు తియ్యలేదు, మళ్లీ చదువుకి రాలేదు. మానేసేనాటికి ఆమె నేర్చుకోవలసిన అక్షరాలు పదకొండే మిగిలాయి.