ఎనిమిదో బొంగు

అనగనగా ఒక అడవి, ఆ అడవి చివర ఒక చలికొండ. పుష్యమాసం వచ్చిందంటే అక్కడ పొద్దెక్కినా గడ్డి మీద మంచు కరగదు. మరి అంత చలిలో జంతువులు ఎలా బతికాయి అని మీరు అడగాలి. అడగకపోయినా చెబుతాను. ఆ కొండవాలులో నేల లోపలినుంచి వెచ్చటి గాలి వచ్చేది. పగుళ్ళలోంచి మెల్లగా, పాలగిన్నె మీది ఆవిరిలా పైకి లేచేది. జంతువులు దాన్ని నేలతల్లి ఊపిరి అనేవి.

ఆ వాలులో ఐదే ఐదు ఇళ్ళు. ఒకటి ఉడుమక్కది. ఆమె ఇల్లు ఒక చెదలపుట్ట. ఏటా వానలు తగ్గాక అందులో గుడ్లు పెట్టేది. చలికాలమంతా ఆ వెచ్చటి ఊపిరే వాటిని పొదిగేది. ఎండలు ముదిరేసరికి పిల్లలు బయటికి వచ్చేవి. ఆ ఏడు తొమ్మిది గుడ్లు పెట్టింది.

పక్క బొరియలో కుందేలు ఉండేది. దానికి చెవులు ఎంత పెద్దవో గొంతు అంత చిన్నది. మిగిలిన మూడిళ్ళలో తాబేలు, చుంచెలుక, ఒక ముసలి కప్ప ఉండేవి. ఐదిళ్ళకూ ఎప్పుడూ గొడవ లేదు. అలాగని రాకపోకలూ లేవు. ముఖ్యంగా ఉడుమక్క ఎవరి గడపా తొక్కేది కాదు.

కొండకు అవతల ఒక పందిదొర ఉండేవాడు. వాడికి వంద పందుల మంద. వాళ్ళ గుహలో వెచ్చన లేదు. పందికేం తెలుసు పన్నీరు వాసన అంటారు గానీ, ఈ పందికి బాగానే తెలుసు. మాట్లాడి రావడానికి ఒక పునుగుపిల్లిని పనిలో పెట్టుకున్నాడు. అది నడిచిన దారంతా ఘుమఘుమలాడేది.

ఒకరోజు పొద్దున్నే పునుగుపిల్లి ఆకు దొన్నెలో తడిమట్టి పట్టుకుని ఉడుమక్క దగ్గరికి వచ్చింది.

"బాగున్నారా ఉడుమక్కా? మా దొర ఇక్కడ ఒక గుంట తవ్వి, కింది వెచ్చన పైకి తీస్తాడు. గుంటకు ఎనిమిది వెదురు బొంగులు పెడతాడు. ఏడు బొంగుల వెచ్చన మా గుహకు. ఎనిమిదో బొంగు, ఒప్పుకున్న ఇళ్ళకు. ఒప్పుకున్నట్టు గుర్తుగా మీరు ఈ మట్టి మీద ఒక్క అడుగు వేస్తే చాలు."

"నా నేల మీద నీ దొర గోరు కూడా పెట్టడానికి వీల్లేదు" అంది ఉడుమక్క.

"మీరు అడుగు వేయకపోతే మీ నేలను ముట్టుకోం. ఇది నా మాట" అంది పునుగుపిల్లి.

పిల్లలూ, అది ఆ మాట తప్పలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఆ మధ్యాహ్నం కుందేలు భయపడుతూ పుట్ట దగ్గరికి వచ్చింది.

"అక్కా, గుంట తవ్వేది నా బొరియ పక్కనేనట. నేనొక్కదాన్నే ఏం అడిగినా వాళ్ళు వినరు. ఐదిళ్ళ వాళ్ళమూ కలిసి వెళ్దాం. చలి ముదిరిన మూడు నెలలూ గుంట సగం మూసి పెట్టమందాం. ఒప్పుకుంటే అందరం అడుగు వేద్దాం. లేదంటే ఎవ్వరమూ వేయొద్దు. నువ్వు ముందుంటే తాబేలూ వాళ్ళూ వస్తారు. నీ పట్టు గురించి తెలియనివాళ్ళు ఎవరు?"

"నా పట్టు నా ఇంటికే" అంది ఉడుమక్క. "నీ నేల నీది, నా నేల నాది. నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో. నన్ను మీ గుంపులోకి లాగకు."

"కింద ఊపిరి అందరిదీ ఒకటే కదక్కా?"

"నా పుట్ట కింద ఉన్నది నాది" అని ఉడుమక్క కళ్ళు మూసుకుంది. కుందేలు వెళ్ళిపోయింది.

ఇక్కడికి వచ్చేసరికి నాకు ఎప్పుడూ ఉడుమక్క మీద కోపం వస్తుంది. ఆమె చెడ్డది కాదు, ఎవరిదీ ఆశించలేదు. కానీ ఆ ఒక్క పూట లేచి నాలుగు అడుగులు వేసి ఉంటే ఈ కథ ఇలా ఉండేది కాదు.

మర్నాడు కుందేలు ఒంటరిగా పునుగుపిల్లి ముందు నిలబడింది. మూడు నెలల మాట దాని గొంతులోనే ఉండిపోయింది. తడిమట్టి మీద అడుగు వేసి వచ్చేసింది. తర్వాత తాబేలు, చుంచెలుక, కప్ప కూడా వేశాయి. ఎవరికి వారే యమునా తీరే.

పందులు వచ్చి గుంట తవ్వాయి. వెచ్చన ఒక్కసారిగా బుస్సుమని పైకి తన్నింది. ఉడుమక్క మాత్రం తన పుట్ట మీది రాయిని నాలుగు కాళ్ళతో పట్టుకుని కూర్చుంది. ఒక్క పంది కూడా ఆ పుట్ట వైపు రాలేదు.

"నా నేల నాకే ఉంది" అనుకుని తృప్తిపడింది.

పది రోజులు గడిచాయి. ఒక ఉదయం ఉడుమక్క పుట్టలోకి దిగి, పగులు దగ్గర నాలుక చాపింది. నాలుకకు చల్లటి మట్టి తగిలింది. గుడ్లను తాకి చూసింది. అవీ చల్లగానే ఉన్నాయి.

పరుగున పందిదొర దగ్గరికి వెళ్ళింది.

"నా పుట్ట కింది వెచ్చన నీ గుంటలోకి పోయింది. నా గుడ్లు చల్లబడిపోతున్నాయి దొరా."

"నీ నేల మీద నా పందుల అడుగు ఒక్కటైనా ఉందా?" అన్నాడు వాడు.

"లేదు."

"మరి నన్నెందుకు అడుగుతావు?"

అక్కడినుంచి పునుగుపిల్లి దగ్గరికి వెళ్ళింది.

"ఆ ఎనిమిదో బొంగులో నాకూ కొంచెం వాటా ఇప్పించు. కావాలంటే ఇప్పుడే అడుగు వేస్తాను."

పునుగుపిల్లి మట్టిపలకలు నాలుగు బయటికి తీసి వరసగా పెట్టింది. వాటి మీద నాలుగు జంతువుల అడుగులు ఎండి గట్టిపడి ఉన్నాయి.

"వీటిలో మీది లేదు కదక్కా. మట్టి తడిగా ఉన్నప్పుడే వేయాలి" అంది. అదీ మర్యాదగానే అంది.

చివరికి అడవిలో తగవులు తీర్చే ఎలుగుబంటి తాత దగ్గరికి వెళ్ళింది. తాత అంతా విన్నాడు.

"అమ్మా, నీ నేలను ఎవరూ ముట్టలేదు. ఏమని తప్పు పట్టను? పారే నీళ్ళూ, కదిలే గాలీ ఎవరి గుంటలో పడితే వాళ్ళవే. ఈ అడవిలో మొదటినుంచీ ఇదే కట్టుబాటు. నాకూ నచ్చదు, కానీ మార్చడం నా చేతిలో లేదు."

"అయితే దారే లేదా తాతా?"

"ఉండేది. తవ్వకముందు ఐదిళ్ళవాళ్ళూ కలిసి, చలి నెలల్లో గుంట సగం మూయమని గట్టిగా అడిగి ఉంటే పంది కాదనలేకపోయేవాడు. ఐదిళ్ళూ కాదంటే వాడికి తవ్వడానికి చోటే లేదు. అలా కలిసి అడుగుదామని నీ దగ్గరికి ఎవరూ రాలేదా?"

ఉడుమక్క తల దించుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు తన పుట్ట దగ్గర ఆగలేదు. నేరుగా కుందేలు బొరియ ముందు నిలబడింది. ఇన్నేళ్ళలో ఆ గడప దగ్గరికి రావడం అదే మొదటిసారి.

"చెల్లీ" అంది. "నా గుడ్లు చల్లబడిపోతున్నాయి."

కుందేలు పాత మాట ఎత్తలేదు. "తెచ్చెయ్ అక్కా, బొంగు పక్కన చోటు చేస్తాను" అంది. ఎనిమిదో బొంగు వెచ్చన నాలుగిళ్ళకు పంచితే కుందేలుకు వచ్చేది సన్నటి ఆవిరే. అది కూడా రోజురోజుకీ తగ్గిపోతోంది. అయినా చోటు చేసింది.

ఉడుమక్క ఒక్కొక్క గుడ్డునూ నోట కరుచుకుని తొమ్మిదిసార్లు తిరిగింది. చలికాలమంతా ఇద్దరూ వంతులవారీగా వాటి పక్కన పడుకున్నారు.

ఎండలు ముదిరాయి. ఒక్క గుడ్డు పగిలి పిల్ల బయటికి వచ్చింది. మిగిలిన ఎనిమిదింటి కోసం ఉడుమక్క వానలు పడేదాకా ఎదురుచూసింది. తర్వాత వాటిని తన పుట్టలోకే తీసుకెళ్ళి, పాత పగులు పక్కన పూడ్చిపెట్టింది. బొరియలో కూర్చుని కుందేలు ఏడ్చింది.

బతికిన ఆ ఒక్క పిల్ల పుట్టగానే వెదురు బొంగును గట్టిగా పట్టుకుంది. ఉడుము పిల్లలకు తల్లి నేర్పే మొదటి పాఠం పట్టే. ఉడుమక్క మాత్రం దాని గోళ్ళు ఒక్కొక్కటీ మెల్లగా విడిపించింది.

"పట్టు తర్వాత నేర్చుకుందువుగాని" అంది. "ముందు నాలుగిళ్ళకూ వెళ్ళి, నువ్వెవరి పిల్లవో చెప్పిరా."

నీతి: నేల మీద గట్లు ఉంటాయి గానీ నేల కింద ఉండవు. అందరిదీ ఒకటైన చోట ఒంటరి పట్టు ఎవరినీ కాపాడదు. వేళ దాటకముందే ఇరుగుపొరుగుతో కలిసి మాట్లాడుకోవాలి.