తుమ్మకంచె అడిగిన మాట

ఇంతకు ముందు నేను ఏదీ రాసి ఎరగను. మా వీధి పిల్లలకు నోటితో చెప్పే కథనే కాగితం మీద పెడుతున్నాను.

ఒకప్పుడు ముళ్లెలుకకు ముళ్లు లేవు. ఒళ్లంతా దూదిలాంటి బూరు. అందుకే దాన్ని అందరూ బూరెలుక అనేవాళ్లు. చీకటి పడ్డాక మెట్టచేలల్లో పురుగూ పుట్రా ఏరుకు తింటూ తిరిగేది.

అప్పట్లో జీవాలకూ మనుషులకూ మధ్య ఒక కట్టుబాటు ఉండేది. మీ ఇంట ఉంటానని తన నోటితో అడిగిన జీవాన్నే మనిషి పెంచుకోవాలి. కుక్క అడిగింది. కోడి అడిగింది. పిల్లి అడగలేదు గానీ రోజూ వచ్చి పొయ్యి పక్కన కూర్చునేది, అందుకని దాన్నీ ఒప్పుకున్నారు. అడగని జీవాన్ని ఎవరైనా దాచారేమోనని చూసే పని ఇళ్ల దొడ్ల చుట్టూ ఉండే తుమ్మకంచెది.

అసిరమ్మ ఊరి చివర ఒంటరిగా ఉండేది. ఈతాకు చాపలు అల్లుకుని బతికేది. పలకరించే మనిషి లేక ఆమెకు పొద్దు గడిచేది కాదు. ఒకనాడు ఈతాకు కోస్తుంటే పొదలో బూరెలుక కనిపించింది. చేతిలోకి తీసుకుంటే వెచ్చగా ఉంది. వదలబుద్ధి కాలేదు. ఒడిలో వేసుకుని తెచ్చి, కోళ్లను కమ్మినట్టే గంప కింద కమ్మేసింది.

పక్కింటి గవరమ్మ చూసి నవ్వింది. "ఏటే, కోడనుకున్నావా? గుడ్డు పెడితే నాకూ చూపించు" అంది. వెళ్తూ వెళ్తూ గొంతు తగ్గించి, కంచె అడిగితే మాత్రం అబద్ధం చెప్పకు అని హెచ్చరించింది.

దీపం పెట్టే వేళకు కంచె అడిగింది. ఎండుకొమ్మలు ఒరుసుకున్నట్టు ఉంది దాని గొంతు.

"అసిరమ్మా, అది ఉంటానని అడిగిందా?"

"అడిగింది" అంది అసిరమ్మ.

తెల్లారి చూస్తే దొడ్డి చిన్నదైంది. బీరపాదు కంచె అవతలికి పోయింది.

ఆ సాయంత్రమూ కంచె అదే అడిగింది, అసిరమ్మ అదే చెప్పింది. ఈసారి నీళ్లకుండ అవతలికి పోయింది. కంచె నడవడం ఎవరూ చూడలేదు. మట్టిలో గీతలు మాత్రం ఉన్నాయి, గోళ్లతో ఈడ్చినట్టు. గవరమ్మ తన పిల్లల్ని అటు రానివ్వడం మానేసింది.

గంప కింద బూరెలుక ఏం పెట్టినా ముట్టలేదు. రోజురోజుకీ చిక్కిపోయింది. గంప ఎత్తితే చాలు, దాని చూపు గుమ్మం వైపే. ఇది పోతే ఇల్లు మళ్లీ బోసిపోతుందని అసిరమ్మ గంప దించేసేది.

ఒక సాయంత్రం దీపం వెలిగించి తిరిగి చూస్తే, గుమ్మం నిండా తుమ్మకొమ్మలే. బయటికి దారి లేదు. ఊళ్లో చప్పుడు ఏదీ లోపలికి రావడం లేదు.

"అది ఉంటానని అడిగిందా?"

ఈసారి ఆ గొంతు గంప పక్కనే వినిపించింది.

అసిరమ్మ గంప ఎత్తి, బూరెలుకను అరచేతిలో పెట్టుకుంది. దాని పొట్ట ఆమె చేతికి ఆనింది. లోపల గుండె ఉండీ లేనట్టు కొట్టుకుంటోంది.

"అడగలేదు. నాకు ఎవరూ లేక నేనే తెచ్చుకున్నాను. దీన్ని పోనియ్యి" అంది.

దారి ఇస్తాను, ఇంకెవరూ దీన్ని ఎత్తుకుపోకుండా కాపలా కూడా ఇస్తాను అంది కంచె. దీపం దానంతట అదే ఆరిపోయింది. చీకట్లో సన్నగా ఏదో రాలుతున్న చప్పుడు. అసిరమ్మ చెయ్యి కదపలేదు.

తెల్లారేసరికి గుమ్మంలో కొమ్మలున్నాయి గానీ, వాటికి ఒక్క ముల్లూ లేదు. ముళ్లన్నీ బూరెలుక వీపు మీద ఉన్నాయి. ఆమె అరచెయ్యి ఉన్న చోట, పొట్ట కింద మాత్రం ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

అసిరమ్మ కొమ్మలు తోసుకుంటూ దాన్ని పొద దాకా మోసుకెళ్లి దింపింది. ఒక్కసారి నిమురుదామని చెయ్యి చాపింది. అది చప్పున బంతిలా చుట్టుకుపోయింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, దూరంగా జరిగి కూర్చుంది, అది విప్పుకుని వెళ్లిపోయేదాకా.

అప్పటినుంచే ముళ్లెలుక మనిషి అలికిడి వింటే ముళ్లబంతి అయిపోతుంది. ఆ చెయ్యి తగిలిన మెత్తటి పొట్టను మాత్రం ఎవరికీ చూపించకుండా లోపల దాచుకుంటుంది.