పిరికి సుంకమ్మ కాపలా

మన తాతలకు తాతలు, వాళ్ళకూ తాతలు ఉన్న కాలం. అప్పుడొక రాజు. ఆ రాజుకొక మృగశాల. ఆ మృగశాలలో జంతువులకు గడ్డి కోసి వేసే మనిషి సుంకమ్మ. ఒట్టి పిరికిది పాపం. ఉరిమితే గాదె కింద దూరేది. తన నీడను చూసి తనే ఉలిక్కిపడేది. అందరూ పిరికి సుంకమ్మ అనేవాళ్ళు.

ఆ రాజ్యంలో ఒక గుట్ట మీద మసిచెవుల కుందేళ్ళు ఉండేవి. లోకంలో ఇంకెక్కడా లేవు. వేటగాళ్ళు వలలు వేసి వేసి వాటిని ఊడ్చేశారు. చివరికి మిగిలినవి ఒక మగది, మూడు ఆడవి. రాజు వాటిని మృగశాలకు తెప్పించాడు. ఈ జాతి నిలవకపోతే నీ తల నిలవదని మృగశాల పెద్ద గండప్పకు చెప్పాడు. గండప్ప పులి బోనులోకి ఒంటిగా వెళ్ళొచ్చే మనిషి. భయమంటే ఎరగడు.

మొదటి కుందేలు బొరియలో ఈనింది. ఈని, బయటికొచ్చి, బొరియను మట్టితో మూసేసింది. కన్నతల్లే పిల్లల్ని పూడ్చేసిందనుకున్నాడు గండప్ప. తవ్వించి, ఆవుపాలు పట్టించాడు. పిల్లలు చచ్చాయి, బెదురుకు తల్లీ చచ్చింది. రెండోది ఈనింది, మూసింది. తవ్వించాడు. పిల్లలు చచ్చాయి, తల్లీ చచ్చింది.

మూడోది ఈనింది, మూసింది. ఆ సాయంత్రం గండప్ప కేకలకు జడిసి సుంకమ్మ పొదలో నక్కింది. అక్కణ్ణుంచి చూసింది. సందెవేళ తల్లి వచ్చి, మట్టి తోసి లోపలికి వెళ్ళింది. పాలిచ్చి, మళ్ళీ మూసి పోయింది. తెల్లారేదాకా మళ్ళీ రాలేదు. రోజుకు ఒక్కసారే వస్తుందన్నమాట.

పొద్దున్నే పార పట్టుకొచ్చిన గండప్ప కాళ్ళమీద పడి, చూసింది చూసినట్టు చెప్పింది సుంకమ్మ. మూడు వారాలు గడువిమ్మంది.

"సరే. అప్పటికి పిల్లలు బయటికి రాకపోతే ముందు నిన్ను పూడుస్తా, తర్వాత దాన్ని తవ్వుతా" అన్నాడు గండప్ప.

సుంకమ్మ బొరియ పక్కన కూచుంది. లోపల చప్పుడు లేదు. బతికున్నాయో లేదో తెలియదు. మొదటి వారం నక్క వచ్చింది. సుంకమ్మకు భయమేసింది. అయినా లేవలేదు. రెండో వారం పిడుగు పడి పక్కన తాడిచెట్టు కాలిపోయింది. సుంకమ్మకు భయమేసింది. అయినా లేవలేదు. మూడో వారం చివరి సందెవేళ, తల్లి లోపలికి దూరగానే నాగుపాము వచ్చింది. తిన్నగా బొరియ వైపే వచ్చింది.

సుంకమ్మ ఒళ్ళంతా వణికింది. వణుకుతూనే కాలు అడ్డం పెట్టింది. పాము కాటేసి పొదల్లోకి పోయింది. అరిస్తే లోపల తల్లి బెదిరి చస్తుంది. అందుకని కొంగు నోట్లో కుక్కుకుంది.

గడువు తీరిందని గండప్ప పారతో వచ్చేసరికి ఆమె పెదాలు నీలంగా ఉన్నాయి.

"తవ్వొద్దు దొరా. తల్లి లోపలుంది. నాకు భయమేస్తా ఉంది. నా చోట మీరు కూచోండి" అంది.

అదే ఆమె ఆఖరి మాట. గండప్ప కూచున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అతనికి భయమేసింది. అయినా లేవలేదు. పార ముట్టలేదు. తల్లి బయటికొచ్చి, బొరియ మూసి పోయింది. తెల్లారి మట్టి కదిలింది. మూడు చిన్న మసిచెవులు బయటికొచ్చాయి.

వాటి సంతానమే పెరిగి పెరిగి మళ్ళీ గుట్టకెక్కింది. ఈనాటికీ అక్కడ మూసిన బొరియ కనబడితే, సుంకమ్మ కూచుంది అంటారు, అడుగుల చప్పుడు కాకుండా తప్పుకుంటారు. ఏటేటా గుట్టకు కాపలా మనిషిని ఎంచుకుంటారు. అడిగేది ఒకటే మాట, నీకు భయమేస్తుందా అని. వెయ్యదన్న వాళ్ళను ఇంటికి పంపేస్తారు. వేస్తుందన్న వాళ్ళకే చాప వేస్తారు.