సుబోధస్వామి ఎత్తు మడమలు

మార్తాండానికి వచ్చిన కష్టం ఏ శిష్యుడికీ రాకూడదు.

గురుపూర్ణిమ నాడు గురువుగారి పాదుకల్ని నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగే భాగ్యం ఈ ఏడు అతనికి దక్కింది. ఆశ్రమంలో చేరిన నాటి నుంచీ దానికోసమే కాచుకుని ఉన్నాడు. తీరా దక్కేసరికి, ఆ పాదుకలు ఆడవాళ్ళ హైహీల్స్ అయి కూర్చున్నాయి.

రంగు ఇటికరంగు. మడమ కింద నాలుగు వేళ్ళ ఎత్తున దిమ్మ. చీలమండ చుట్టూ సన్నటి పట్టీ, ఆ పట్టీకి గోరంత బంగారు రంగు బకిల్.

గండిమిట్ట కొండ కింద ఉన్న ఆ ఆశ్రమానికి ఒక కట్టుబాటు ఉంది. ఆశ్రమం పెట్టిన పెద్దస్వామికి వెండి పాదుకలన్నా గంధపు పాదుకలన్నా ఒళ్ళు మండేదట. గురువు రోజూ కాలికి తొడుక్కునేవే, అరిగినా చిరిగినా, పూజకి పనికొస్తాయి. పెట్టెలో దాచినవి పనికిరావు. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. ఒక ఏడు టైరు చెప్పులు ఊరేగాయి. అందరూ కళ్ళకద్దుకున్నారు.

టైరు చెప్పులైనా మార్తాండానికి అభ్యంతరం లేదు. అవి మగవి.

అతను ఆశ్రమానికి రాకముందు తాలింఖానాలో కుస్తీ పట్టినవాడు. మెడ ఎక్కడ అయిపోయి భుజాలు ఎక్కడ మొదలవుతాయో చెప్పడం కష్టం. సన్యాసం పుచ్చుకుంటే మీసం తీసేయాలి కాబట్టే ఇంకా బ్రహ్మచారిగా ఉండిపోయాడని తోటివాళ్ళు అనుకుంటారు.

ఇక సుబోధస్వామి సంగతి. ఆయన పొడగరి. ఏళ్ళ తరబడి నేల మీద కూర్చుని పాఠం చెప్పి చెప్పి నడుం పట్టేసింది. కూర్చుంటే లేవలేరు, లేస్తే నిటారుగా నిలబడలేరు. తైలాలు రాశారు, కాపడం పెట్టారు, బెల్టు బిగించారు. ఏమీ ఉపయోగం లేకపోయింది.

ఒక సాయంత్రం వాన పడుతోంది. పాఠం అయ్యాక స్వామి వాకిట్లోకి వచ్చి, గుమ్మం ముందు కుప్పపడి ఉన్న చెప్పుల్లో కాలికి తగిలినవి తొడిగేసుకుని గోశాల వైపు నడిచారు. సగం దూరం పోయాక ఆగిపోయారు. మెల్లగా వెనక్కి తిరిగారు. ఆయన మొహం ఎప్పుడూ ఉండే చోటికన్నా జానెడు పైన ఉంది.

"హైమావతమ్మా, ఇవి ఎవరివి?" అన్నారు.

"నావే స్వామీ," అంది హైమావతి. ఆమె మండలం జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. పాదం పెద్దది. చెప్పుల షాపులో జెంట్స్ సైజులు చూసుకోమ్మా అని ఎగతాళి చేస్తుంటారు.

"నొప్పి లేదమ్మా," అన్నారు స్వామి, ఎవరిదో తప్పు పట్టుకున్నట్టు.

డాక్టరుకి చూపించారు. "మీ పిక్కలు బాగా బిగిసిపోయాయి స్వామీ. మడమ ఎత్తితే నడుం మీద లాగుడు తగ్గుతోంది. అందరికీ ఇలా ఉండదు. కొందరికి ఉన్న నొప్పి ఇంకా పెరుగుతుంది. మీకు పడింది, వేసుకోండి," అన్నాడాయన.

హైమావతి టౌనుకి పోయి అలాంటివే ఒక జత తెచ్చింది. కాషాయం దొరక్క దానికి దగ్గర్లో ఉన్న రంగు తీసుకుంది. అప్పట్నుంచీ ఆశ్రమంలో ధ్యానానికి గంట కొట్టక్కర్లేకపోయింది. టక్కు, టక్కు, టక్కు అని వినిపిస్తే చాలు, అందరూ కళ్ళు మూసుకునేవారు.

మార్తాండం మాత్రం చెవులు మూసుకునేవాడు.

పూర్ణిమ దగ్గరపడింది. తాలింఖానా స్నేహితులు వ్యాను మాట్లాడుకుని మరీ చూడ్డానికి వస్తున్నామని కబురు పెట్టారు. టీ కొట్టు దగ్గర కుర్రాళ్ళు ఎదురొచ్చి, "అన్నా, నెత్తిన పెట్టుకునేటప్పుడు మడమలు ముందుకా, వెనక్కా?" అని వినయంగా అడిగారు. "ముందుకైతే కొమ్ముల్లాగుంటాయేమో చూసుకో."

మార్తాండం నేరుగా హైమావతి దగ్గరికి పోయాడు.

"మీరు తెచ్చిపెట్టబట్టే కదండీ ఇదంతా."

"నేను తెచ్చింది చెప్పులు. ఇదంతా మీరు తెచ్చుకున్నారు."

"అవి ఆడవాళ్ళ చెప్పులండీ!"

"ఎక్కడ రాసుంది?"

"రాసుండాలా? మడమ చూస్తే తెలీదూ?"

"గుర్రాలెక్కి యుద్ధాలకి పోయే మగవాళ్ళు, జీనుకి వేలాడే రికాబులోంచి కాలు జారకుండా పెట్టించుకున్న మడమండీ అది. మోజు తీరాక మాకు అంటగట్టారు."

"గురువుగారికి గుర్రం లేదు కదా."

"నడుం ఉంది."

మార్తాండం మీసం సవరించుకున్నాడు. కుస్తీలో ఇలాంటి పట్టు అతనికెవరూ నేర్పలేదు.

"తెలీక అడుగుతాను," అంది హైమావతి. ఆమె తెలీక అడగడం లేదని గోడకి కూడా తెలుసు. "పెళ్ళిళ్ళలో కాళ్ళు బొబ్బలెక్కుతున్నా మేం అవి వేసుకునే నిలబడాలి. ఎందుకంటే అందం. ఆయన మాత్రం నొప్పి తగ్గి హాయిగా నడుస్తున్నా తీసేయాలి. ఎందుకంటే పరువు. అంటే, చెప్పు నొప్పి పెడితేనే గానీ మీకు మనసు కుదుటపడదా?"

"మీరు వాదించి గెలుస్తారు. నెత్తిన మోసేది నేను."

"హమ్మయ్య, అసలు మాట బయటికొచ్చింది."

వాదనతో పని జరగదని మార్తాండానికి అర్థమైంది. వేరే దారి వెతుక్కున్నాడు. పందెంలో గెలిచిన వెండి కడియం ఒకటి అతని చేతికి ఎప్పుడూ ఉండేది. దాన్ని కరిగించి బొడిపెలు పోయించాడు. గంధపు చెక్కతో పాదుకలు చేయించి వాటికి ఆ బొడిపెలు బిగించాడు. పూర్ణిమ ముందురోజు సాయంత్రం, పట్టుగుడ్డలో చుట్టి గురువుగారి ముందు పెట్టాడు.

"స్వామీ, ఒక్కసారి తొడిగి నాలుగడుగులు వేయండి. కాలికి తొడిగినట్టవుతుంది. పెద్దస్వామి మాటా దక్కుతుంది."

స్వామి అతని చేతికేసి చూశారు. కడియం ఉండాల్సిన చోట తెల్లటి గుర్తుంది. పట్టీలు విప్పి, కొత్త పాదుకలు తొడుక్కున్నారు. వంటింటి గడప దాకా నడిచారు. గోడ పట్టుకున్నారు. గోడ పట్టుకునే తిరిగొచ్చారు.

"ఎలా ఉన్నాయి స్వామీ?"

"చూడ్డానికి చాలా బాగున్నాయి నాయనా."

నడవడానికి ఎలా ఉన్నాయని మార్తాండం అడగలేదు. స్వామీ చెప్పలేదు.

తెల్లారింది. మేళం వచ్చింది. తలపాగా చుట్టుకుని, దాని మీద గంధపు పాదుకలు పెట్టుకుని, మార్తాండం గుమ్మం దాటాడు. ఎండకి వెండి బొడిపెలు మెరిశాయి. వ్యానులో దిగిన స్నేహితులు "అద్గదీ!" అన్నారు. మార్తాండం ఛాతీ రెండు బారలైంది.

వెనక టక్కు, టక్కు, టక్కు అని వినిపించింది.

తిరిగి చూస్తే ఇటికరంగు చెప్పుల్లో సుబోధస్వామి, నిటారుగా, నవ్వుతూ.

"స్వామీ!" అన్నాడు మార్తాండం. "మీరు వీధిలోకి రావడం ఆనవాయితీ కాదు కదా!"

"ఆనవాయితీ అని కాదు నాయనా. ప్రతి ఏడూ నా చెప్పులు మీరు నెత్తిన పెట్టుకుపోతారు. ఇంక నేనేం వేసుకుని బయటికి రాను? అందుకని లోపలే కూర్చునేవాణ్ణి. ఈసారి నావి నాకే ఉన్నాయి." స్వామి సంబరంగా వీధి కొస దాకా చూశారు. "ఊరేగింపు ఎలా ఉంటుందో నేనూ చూస్తాను."

మేళం ముందు, మార్తాండం వెనక, అతని వెనక స్వామి, ఆ వెనక హైమావతీ ఆశ్రమంవాళ్ళూ. డోలు ఎంత గట్టిగా కొట్టినా మార్తాండానికి టక్కు టక్కే వినిపిస్తోంది.

టీ కొట్టు దగ్గర కుర్రాళ్ళు లేచి నిలబడ్డారు. "ఏంది స్వామీ, ఎత్తు పెరిగినారే!" అన్నాడొకడు.

"పెరగలేదు నాయనా. ఒంగడం తగ్గింది," అన్నారు స్వామి.

మొదటి ఇళ్ళవాళ్ళు మార్తాండం నెత్తి మీదికోసారి, స్వామి కాళ్ళకేసోసారి చూసి, ఏమనాలో తెలీక, హారతిని గాల్లో ఇద్దరికీ మధ్యగా తిప్పి ఊరుకున్నారు. తర్వాతి ఇంటి కోటమ్మవ్వ అలా ఊరుకునే మనిషి కాదు. హారతి పళ్ళెం పట్టుకుని అరుగు మీద నిలబడి, మార్తాండం ముందుకి రాగానే చెయ్యి అడ్డం పెట్టింది. మేళం ఆగిపోయింది.

"అబ్బయా, నీ నెత్తినుండేటియ్యి ఎవరియ్యి?"

"గురువుగారి పాదుకలవ్వా."

"మరి ఆయన కాళ్ళకుండేటియ్యో?"

"అవీ... గురువుగారివే."

"ఆయన దేంతో నడస్తా ఉండాడు?"

స్నేహితులు ఒకరి భుజం మీదుగా ఒకరు తొంగి చూస్తున్నారు.

"నా కాడ ఉండేది ఒకే ఒక కర్పూరం బిళ్ళ," అంది కోటమ్మవ్వ, పళ్ళెం అరుగు మీద పెట్టేసి తనూ పక్కన కూర్చుంటూ. "రెండిట్లో ఏదో నువ్వు తేల్చుకోని చెప్పు. నాకేం తొందర్లేదు."

ఎవరో కిసుక్కుమన్నారు. మార్తాండం మెడ మీద చెమట కారింది. సాయం చేస్తారేమోనని గురువుగారి వైపు చూశాడు.

స్వామి చేశారు కూడా. అరుగు స్తంభానికి ఆనుకుని, ఒక్కొక్క పట్టీ నిదానంగా విప్పి, రెండు చెప్పులూ తీసి అతని ముందు పట్టారు.

"ఇవిగో నాయనా."

మార్తాండం గంధపు పాదుకల్ని దించి హైమావతి చేతికిచ్చాడు. ఆమె ఏమీ అనలేదు. అది ఆమెకి ఎంత కష్టమైందో మొహం చూస్తే తెలుస్తోంది. మార్తాండం కళ్ళు గట్టిగా మూసుకుని ఇటికరంగు చెప్పుల్ని తలపాగా మీద పెట్టుకున్నాడు. ఒక మడమ జారి చెవి పక్కకొచ్చింది.

అప్పుడు నవ్వారు. టీ కొట్టు నవ్వింది, వ్యాను నవ్వింది, డోలు వాయించేవాడు డోలుకి మొహం ఆనించి నవ్వాడు. "ఒరే మార్తాండూ, జడ కూడా వేసుకోరా!" అని స్నేహితుడొకడు అరిచాడు.

మార్తాండం కదల్లేదు. గోదాలో ఎదుటివాడి బరువంతా మీద పడ్డప్పుడు నిలబడ్డట్టు నిలబడ్డాడు. ఎంతసేపు నవ్వినా ఎదుటి మనిషి నిలబడే ఉంటే, నవ్వేవాళ్ళకే విసుగొస్తుంది. నవ్వు అక్కడక్కడా తెగి, ఆగిపోయింది. కోటమ్మవ్వ లేచి కర్పూరం వెలిగించింది. చెప్పులకి హారతి తిప్పి కళ్ళకద్దుకుంది.

మార్తాండం గుండెల్నిండా గాలి పీల్చుకున్నాడు. ఇంతమంది నవ్వినా దించలేదు! ఇంతకన్నా గురుభక్తి ఇంకెవరికైనా ఉందా? అలా అనుకోవడంలో మీసం మళ్ళీ కాస్త పైకి లేచింది. మెచ్చుకుంటారని గురువుగారి మొహం కోసం తిరిగాడు.

మొహం అక్కడ లేదు. కింద ఉంది.

స్వామి వట్టి కాళ్ళతో, స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుని, నడుం సగానికి ఒంగిపోయి ఉన్నారు. నుదుటి మీద చెమట.

"బాగా మోస్తున్నావు నాయనా," అన్నారు, తలెత్తలేక నేలకేసి చూస్తూనే. "మీరు సాగండి. నేను నిదానంగా వస్తాలే."

మేళం మళ్ళీ మొదలైంది. మార్తాండం ఒకడుగు వేశాడు. ఇంకో అడుగు వేశాడు. వెనకనుంచి ఏ చప్పుడూ రాలేదు.

అతను ఆగాడు. చేత్తో సైగ చేసి మేళాన్ని ఆపాడు. నెత్తి మీది చెప్పులు దించి వెనక్కొచ్చి, దుమ్ములో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గురువుగారి పాదం ఒకటి తన తొడ మీదికి తీసుకుని, ధూళి తుడిచి, చెప్పు తొడిగాడు.

పట్టీ పెట్టడం రాలేదు. బకిల్ గోరంత ఉంది, అతని వేళ్ళు అరటికాయల్లా ఉన్నాయి. పట్టీ సందులోకి దూరితే ముల్లు దొరకదు, ముల్లు దొరికితే పట్టీ జారిపోతుంది. హైమావతి వంగబోయింది. స్వామి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు. వ్యానులో వచ్చినవాళ్ళు, టీ కొట్టువాళ్ళు, అందరూ ఆ బకిల్‌కేసే చూస్తున్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. "కొంచెం ఎడమకి తిప్పన్నా," అన్నాడు ఇందాకటి కుర్రాడే, ఊపిరి బిగబట్టి.

చివరికి ముల్లు చిల్లులోకి దిగింది.

మార్తాండం తలెత్తాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. గురువుగారు తల మీద చెయ్యి పెడతారని, ఏదో ఒక మాట అంటారని ఎదురుచూశాడు.

సుబోధస్వామి అన్నారు.

"రెండోది."