సొరుగున్న ఫోను

డొక్కు ఫోనంటావుటే దాన్ని? అవతల పారేద్దామంటావా? ఇటు రా, ముందు పడుకో. కాళ్ళు ఆడించకు. కథ విన్నాక పారేద్దువుగాని.

అనగనగా పూతరేకులు చేసే ఒక ఊళ్ళో మంగతాయారని ఒకావిడ ఉండేది. పొద్దున్న లేస్తే కుండ బోర్లించి, కింద మంట పెట్టి, పల్చటి పిండి పూసి, రేకు లేపడమే పని. ఆ సెగకి ఆవిడ వేళ్ళ కొనలు కాయలు కాసిపోయాయి.

ఆవిడకి ఒక్కతే కూతురు, వేణి. పుట్టు చెవుడు, మాట రాదు. అయితేనేం, చేతులతో ఎన్ని కబుర్లయినా చెప్పేది. దాన్ని పట్నంలో ఒక మంచి పిల్లాడికిచ్చి చేశారు. దూరాన ఉంటే చేతులు కనపడవు కదా! అందుకని తల్లీకూతుళ్ళు ఫోన్లో మెసేజీలు రాసుకునేవాళ్ళు. అప్పుడు వేణి కడుపుతో ఉంది. ఎనిమిదో నెలలో పిల్లని కదపకూడదు, తొమ్మిది రాగానే పురిటికి తెచ్చుకుందామని తల్లి రోజులు లెక్కపెట్టుకుంటోంది.

ఇంతలో ఆవిడ ఫోను పోయి పోయి పిండిగిన్నెలో పడింది. షాపువాడు కొత్తదొకటి ఇచ్చాడు. పైనంతా అద్దం, వేలితో తాకితే చాలట. పక్కకి తోస్తే కిందనుంచి సొరుగులా బటన్లొస్తాయి. "వాడి చూడండమ్మా, నచ్చకపోతే సంతరోజుకి తిరిగిచ్చెయ్యండి" అన్నాడు.

వాడి చూడమన్నదెవర్ని? మంగతాయార్ని. చూసిందెవరు? ఆవిడ తప్ప అందరూ! కుండ ముందు కూచుని రెండు చేతులూ పిండిలో పెట్టుకున్న మనిషి ఏం చేస్తుంది?

ముందు బావగారు పేర్రాజు వచ్చాడు. ఫోను చేయిచాచి పట్టుకుని తన మీసానికి ఫోటో తీసుకున్నాడు. ఆ తర్వాత గేదెకి తీశాడు. "అద్దం భేషుగ్గా ఉంది, బటన్లు దండగ" అన్నాడు. అప్పుడు ఫోను టింగుమంది. "గేదె మొహానికి ఏదో అడ్డొచ్చింది" అని దాన్ని వేలితో పక్కకి నెట్టేశాడు.

"మా వేణి ఏమన్నా రాసిందేమో చూడండి బావగారూ" అంది మంగతాయారు.

"ఉండమ్మా, పరీక్ష చేస్తున్నాం" అన్నాడు.

ఆ తర్వాత కిళ్ళీకొట్టు గవర్రాజు వచ్చాడు. సొరుగు టక్కున తీస్తాడు, టక్కున మూస్తాడు. "బటన్లు గట్టివి, అద్దమే ఇవాళో రేపో పగుల్తుంది" అన్నాడు. మళ్ళీ టింగుమంది. టక్కున మూసేశాడు.

ఆ తర్వాత పంతులుగారు. తిరగేసి, బోర్లేసి, "రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన వస్తువిది. అద్దముండగా బటన్లెందుకు? బటన్లుండగా అద్దమెందుకు?" అని తేల్చారు. టింగుమంటే, "ఇదేం గోల!" అని మోత ఆపేశారు.

నాకు ఒళ్ళు మండేదిక్కడేనే చిట్టీ! పెళ్ళిచూపుల్లో పిల్లని నడవమంటారు, పాడమంటారు, జడ పొడుగు చూస్తారు. పిల్లని నోరు తెరిచి ఒక్క మాట చెప్పనిస్తారా? ఆ ఫోనుకీ అదే గతి పట్టింది.

ఇక మంగతాయారు రేకుని కుండమీదే వదిలేసి లేచింది. ఫోను లాక్కుంది. అందులో మూడు మెసేజీలున్నాయి.

"అమ్మా, నడుం నొప్పిగా ఉంది."

"ఎక్కువైంది. అత్తయ్య గుడికెళ్ళారు, ఆయన డ్యూటీలో ఉన్నారు."

"భయంగా ఉంది. ఎందుకమ్మా పలకవు?"

"మీ పరీక్షలు మండిపోనూ!" అని అరిచింది. కుండమీద రేకు మాడిపోయింది.

అప్పుడు అద్దం మీద వేలు పెట్టింది. కాయలు కాసిన వేలు, అద్దం పట్టించుకోలేదు. చెంగుకి తుడుచుకుని మళ్ళీ నొక్కింది. ఊహూ. "మెల్లగా తాకాలమ్మా" అన్నారు పంతులుగారు. "మీరు కాసేపు ఊరుకోండి" అని ఆవిడ సొరుగు లాగింది. బటన్లు వేళ్ళకి తగిలాయి. "పక్కింటి తలుపు బాదు. నేను బయల్దేరా" అని రాసింది.

ఆటో ఎక్కింది. పక్కింటావిడ పెద్దాస్పత్రికి తీసుకెళ్తోందని వేణి రాసింది. రోడ్డంతా గుంతలే. ఎగిరి పడుతూనే రాసింది. "కాలవ దాటా." ఆ తర్వాత, "వంతెన ఎక్కా." ఆ తర్వాత, "ఆస్పత్రి గేటు దగ్గరున్నా." పక్కింటావిడ అక్కడికి చేర్చిన వేణి ఆ మూడూ చదువుకుంటూ నొప్పులు ఓర్చుకుంది. తల్లి చెయ్యి పట్టుకున్నాక పాప పుట్టింది. ఇంతే ఉంది, పిల్లికూనలా.

సంతరోజు వచ్చింది, పోయింది. ఫోను తిరిగివ్వలేదు.

పురుడయ్యాక కొన్నాళ్ళు పుట్టింట్లో ఉండి, వేణి మళ్ళీ పట్నం వెళ్ళిపోయింది. ఒకరోజు ఫోను మోగింది. చూస్తే అద్దం నిండా వేణి! పాపని అత్తగారి ఒళ్ళో పెట్టి, రెండు చేతులతోనూ కబుర్లు చెబుతోంది. పాపకి పన్నొచ్చిందట. ఆ పూట మంగతాయారు నవ్వింది, ఏడ్చింది. సొరుగు లాగి, "ఏదీ, చూపించు" అని రాసింది.

అప్పుడు పంతులుగారికి చెప్పింది: "అద్దం నా కూతురి చేతులకండీ, బటన్లు నా వేళ్ళకి. రెండూ అందుకు."

ఆ పాప ఏమైందంటావా? పన్నొచ్చిన నోటితోనే ఇవాళ ఈ ఫోను డొక్కంది! ఏదీ, నా వేళ్ళు పట్టుకు చూడు. గరుగ్గా లేవూ? అదిగో, గుమ్మంలో మీ అమ్మ చేతులు తిప్పుతోంది. "కథ చాలమ్మా, దాన్ని పడుకోనీ" అంటోంది. ఇంకా పారేద్దామా? ఊఁ, మరి కళ్ళు మూసుకో.

కథ వెళ్ళె కంచికి,
ఫోను వెళ్ళె పెట్టెకి,
పెంకిపిల్ల నిద్రకి!