ఓదెమ్మ వెనక బీరప్ప

అనగనగా ఒక గుట్ట. ఆ గుట్ట కింద ఒక వాగు. ఆ వాగు ఒడ్డున గొర్రెలు కాసుకునే కురుమల ఊరు ఒకటి ఉండేది. ఊ కొట్టు మరి. నువ్వు ఊ కొట్టకపోతే కథ అక్కడే నిలబడిపోతుంది.

ఆ ఊళ్ళో గట్టయ్య అని ఒక కాపరి. అతని పేరు చెప్తే చుట్టుపక్కల కాపరులందరికీ గౌరవం. ఎందుకంటావా? ఎంత వానాకాలమైనా, వాగు ఎంత ఎర్రగా పారినా, గట్టయ్య మందలో ఒక్క గొర్రె కూడా నీళ్ళపాలు కాలేదు.

ఆ గట్టయ్యకి ఒక్కతే కూతురు, ఓదెమ్మ. నీకంటే కాస్త పెద్దది. చురుకైన పిల్ల, పని వచ్చిన పిల్ల. ఈనిన గొర్రె దగ్గర పాలు పిండాలన్నా, కుంటే గొర్రె డెక్కలోంచి రాయి తీయాలన్నా దాన్నే పిలిచేవాళ్ళు. కానీ దానికి భయం ఎక్కువ. పాముకి కాదు, దయ్యానికి కాదు. తను ఏదైనా మరిచిపోయిందేమో, తన వల్ల ఏదైనా చెడిపోతుందేమో అని భయం.

సాయంత్రం దొడ్డికి తడక పెట్టేది. ఇంట్లోకి వచ్చేది. అప్పుడు మళ్ళీ వెళ్ళి తడక లాగి చూసేది. ఆ తర్వాత అన్నానికి కూర్చునేది. ముద్ద నోట్లో ఉండగానే లేచి ఇంకోసారి చూసి వచ్చేది.

"నీకు తడక మీద నమ్మకం లేదా, నీ చెయ్యి మీద నమ్మకం లేదా?" అని వాళ్ళమ్మ నవ్వేది.

ఓదెమ్మ కూడా నవ్వేది. కానీ మరునాడు మళ్ళీ అంతే.

ఇప్పుడు వాగు దాటించే పద్ధతి చెప్తాను, బాగా విను. గొర్రెల్ని వెనక నుంచి తోలితే నీళ్ళలో దిగవు. బెదిరి చెల్లాచెదురవుతాయి. కాపరి ముందు నడవాలి. అతని వెనక ముందుగొర్రె నడుస్తుంది. దాని వెనక మందంతా నడుస్తుంది. గట్టయ్య మందలో ముందుగొర్రె పేరు బొల్లి. ముఖం మీద తెల్ల మచ్చ, మెడలో ఇత్తడి గంట. దానికి కాపరి వీపు కనిపిస్తే రమ్మన్నట్టు. ముఖం కనిపిస్తే ఆగమన్నట్టు. ఎందుకంటే రోజూ మేత పెట్టేటప్పుడు దానివైపు తిరిగి నిలబడి పెడతారు కదా. అందుకని వాగులో కాపరి వెనక్కి తిరిగాడా, బొల్లి ఆగుతుంది. అది ఆగితే మందంతా ఆగుతుంది. నీళ్ళు మాత్రం ఆగవు.

అందుకే ఆ ఊరి కాపరులకి ఒక ఆచారం ఉంది. నీళ్ళలో అడుగు పెట్టే ముందు మొలకి కట్టుకున్న చిన్న సంచిలోంచి చిటికెడు బండారి తీస్తారు. బండారి అంటే పసుపే, కాపరుల దేవుడు బీరప్ప గుడిలో ఇచ్చే పసుపు. దాన్ని భుజం మీదుగా వెనక్కి చల్లి, "బీరప్పా, ఎనక నువ్వు" అంటారు. అంటే, ముందు దారి నేను చూసుకుంటాను, నా వెనక ఉన్నవాటిని నువ్వు చూసుకో అని. అలా అప్పజెప్పాక ఇంక తిరిగి చూడకూడదు.

ఒక వానాకాలం గట్టయ్య మడమలో తుమ్మముల్లు విరిగింది. కాలు సొరకాయలా వాచింది. మంచం దిగలేకపోయాడు. గొర్రెలు పస్తుంటాయా? ఉండవు కదా. అప్పుడు గట్టయ్య కూతుర్ని పిలిచాడు. తన మొలకున్న బండారి సంచి విప్పి దాని నడుముకి కట్టాడు.

"నాతోని కాదు నాయినా" అంది ఓదెమ్మ.

"చంద్రయ్య మామ ఉంటడు. బొల్లి నీ గొంతు గుర్తుపడ్తది. పోయి రా బిడ్డా" అన్నాడు గట్టయ్య.

చంద్రయ్య వాళ్ళ పక్కింటి కాపరి. ఆయనకి వేరే మంద. నోరు తెరిస్తే వేళాకోళమే. పొద్దున ఇద్దరూ రెండు మందలతో వాగు దాటారు. నీళ్ళు చీలమండ దాకా కూడా లేవు. అవతల గడ్డి బాగుంది. ఓదెమ్మ మాత్రం గొర్రెల చుట్టూ తిరుగుతూనే ఉంది. ఇదెక్కడ, అదెక్కడ, చిన్నపిల్ల ఎక్కడ అని.

చంద్రయ్య రాయి మీద కూర్చుని చూసి చూసి, "ఓదెమ్మా, నువ్వు గొర్రెలను కాస్తున్నవా, గొర్రెలు నిన్ను కాస్తున్నయా? అవి కడుపునిండ మేస్తున్నయి. నువ్వే ఏం తిన్లే" అన్నాడు.

మధ్యాహ్నం దాటింది. గుట్ట మీద ఆకాశం నల్లబడింది. వాళ్ళున్న చోట ఒక్క చినుకు లేదు. కానీ పైన వాన దంచుతోంది. కాసేపటికి వాగు నీళ్ళు తెల్లగా ఉన్నవి ఎర్రబడ్డాయి. నురగ వచ్చింది. ఆకులు, పుల్లలు కొట్టుకొచ్చాయి. వాళ్ళున్న గడ్డ పల్లం. వాగు నిండితే అదంతా మునిగిపోతుంది. మంద అక్కడే ఉంటే ఇంక మంద లేదు.

చంద్రయ్య మంద వాగుకి దగ్గరగా ఉంది. గబగబా బండారి చల్లి, ముందు నడిచి, తన మందను ఊరివైపు ఒడ్డుకి చేర్చాడు. మళ్ళీ వద్దామంటే తన గొర్రెలు చెదిరిపోతాయి. వచ్చినా లాభం లేదు. చంద్రయ్య పిలిస్తే బొల్లి చెవి కూడా కదపదు.

"ఓదెమ్మా, నువ్వే రావాలె. దిగు" అని అక్కడినుంచి కేకేశాడు.

అప్పుడు ఓదెమ్మ బండారి చల్లింది. "బీరప్పా, ఎనక నువ్వు" అంది. నీళ్ళలో దిగింది. బొల్లి దిగింది. మంద దిగింది. మోకాళ్ళ దాకా నీళ్ళు వచ్చాయి. అప్పుడు ఓదెమ్మకి అనుమానం వచ్చింది. అన్నీ దిగాయా? ఒక్కటి ఒడ్డునే నిలబడిపోలేదు కదా? తిరిగి చూసింది.

అన్నీ వస్తున్నాయి. కానీ దాని ముఖం కనబడగానే బొల్లి ఆగింది. వెనకవి వచ్చి బొల్లిని గుద్దుకున్నాయి. మందంతా గిర్రున తిరిగి మళ్ళీ ఒడ్డెక్కేసింది.

ఆ తర్వాత రెండోసారి. ఈసారి చిటికెడు కాదు, పిడికెడు బండారి చల్లింది. దిగింది. నీళ్ళు మోకాళ్ళ పైకి వచ్చాయి. నడిచింది, నడిచింది. వెనక చిన్న గొర్రెపిల్ల "మే" అని అరిచింది. మొన్ననే పుట్టింది, చెవులు ఇంకా నిలబడని పిల్ల. ఓదెమ్మ ఆ అరుపు వింది. పిల్ల పోయిందేమో. తిరిగి చూసింది.

పిల్ల వాళ్ళమ్మ మెడ పక్కనే ఉంది. బొల్లి మాత్రం ఆగింది. మంద మళ్ళీ వెనక్కి తిరిగింది. ఆ తోపులాటలో ఓదెమ్మ నీళ్ళలో పడింది. లేచి ఒడ్డుకొచ్చి సంచి విప్పి చూసింది. పసుపంతా నీళ్ళలో కలిసిపోయింది. ఖాళీ గుడ్డ మిగిలింది.

అప్పుడు ఓదెమ్మ తడి బట్టలతో ఒడ్డున కూలబడింది. బండారి లేదు. బండారి లేకుండా పిలిస్తే బీరప్ప వస్తాడా? నాయిన ఎప్పుడైనా బండారి లేకుండా దిగాడా? లేదు. పైగా తను రెండుసార్లు ఆయనకి అప్పజెప్పి, రెండుసార్లు తిరిగి చూసింది. దేవుణ్ణి నమ్మనట్టే కదా. ఆయనకి కోపం వచ్చి ఉంటుంది.

వాగు చప్పుడు పెరిగింది. అవతల చంద్రయ్య రెండు చేతులూ ఊపుతున్నాడు. వేళాకోళం లేదు, మాట కూడా వినబడటం లేదు.

ఓదెమ్మ మందవైపు చూసింది. చిన్నపిల్ల వాళ్ళమ్మ పొదుగులో ముట్టె పెట్టి తోక ఊపుకుంటూ పాలు తాగుతోంది. దానికి ఏ తొందరా లేదు. దాన్నే చూస్తూ ఉంటే ఓదెమ్మకి ఒక సంగతి తట్టింది.

తను రెండుసార్లు తిరిగి చూసింది. రెండుసార్లూ వెనక అంతా బాగానే ఉంది. ఒక్క గొర్రె తప్పిపోలేదు. ఒక్క పిల్ల కొట్టుకుపోలేదు. పాడయిందల్లా తను తిరిగి చూసినందువల్లే. మరి వెనక ఇంత బాగా చూసుకుంటున్నది ఎవరు? తను మాట తప్పాక కూడా చూసుకున్నది ఎవరు? కోపం వచ్చే దేవుడైతే మొదటిసారే వదిలేసి వెళ్ళిపోయేవాడు కదా.

అప్పుడు లేచింది. నీళ్ళ అంచున నిలబడింది.

"బీరప్పా, బండారి వాగుల పోయింది. నా చేతిల ఏం లేదు. నాకు మస్తు భయమైతున్నది. ఎనక నువ్వే చూసుకో. నేను చూడ" అంది. ఖాళీ చెయ్యి భుజం మీదుగా వెనక్కి విసిరింది. దిగింది.

భయం పోయిందా అంటే పోలేదమ్మా. భయం కూడా దానితోపాటే నీళ్ళలో దిగింది. కానీ ఇప్పుడు ఓదెమ్మకి చేయాల్సిన పని ఒక్కటే మిగిలింది, ముందుకి నడవడం. రెండోది ఇంకొకరికి ఇచ్చేసింది.

"హుర్ర్ బొల్లీ, రా రా రా" అని పిలుస్తూ నడిచింది. నాయిన పిలిచేటట్టే, పొడుగ్గా. మొదట గొంతు వణికింది. రెండో పిలుపుకి కాస్త నిలబడింది. ఆ తర్వాత నీళ్ళ చప్పుడు మీదుగా అవతలి ఒడ్డుకి వినబడింది.

నీళ్ళు తొడల దాకా వచ్చాయి. గొర్రెలకి కాళ్ళు అందవు, ఈదాలి. అప్పుడు వెనక దబ్బున ఏదో పడ్డ చప్పుడైంది. ఓదెమ్మ మెడ వెనక్కి తిరగబోయింది. తిరగలేదు. "ఎనక బీరప్ప ఉన్నడు" అనుకుంది. అడుగు వేసింది.

ఆ తర్వాత చిన్నపిల్ల అరిచింది. ఈసారి అరుపు పక్కకి, దూరంగా, వాగు పారే వైపు నుంచి వచ్చింది. ఓదెమ్మ కళ్ళలోంచి నీళ్ళు కారాయి. తిరగలేదు. "ఉన్నడు" అంది. అడుగు వేసింది.

ఏమిటీ, పిల్ల పోయిందా అని అడుగుతున్నావా? తొందరపడకు. ఓదెమ్మకీ అప్పుడు తెలీదు. తెలీకుండానే నడిచింది.

ఆ తర్వాత అన్నిటికంటే కష్టమైనది వచ్చింది. బొల్లి గంట ఆగిపోయింది. మెడ దాకా నీళ్ళు వచ్చి గంట మునిగిందని ఓదెమ్మకేం తెలుసు? వెనక ఏ చప్పుడూ లేదు. మంద ఉందో లేదో తెలీదు. ఇంత వాగులో తనొక్కతే నడుస్తున్నట్టు అనిపించింది. అప్పుడు కూడా ఓదెమ్మ తిరగలేదు. పిలుపు ఆపలేదు. ఏమీ వినబడని వెనకవైపుకి, మంద ఉందన్నట్టే పిలుస్తూ నడిచింది.

కాలికి ఇసుక తగిలింది. ఒడ్డు వచ్చింది. అక్కడా ఆగలేదు. తను ఆగితే బొల్లి ఆగుతుంది, వెనకవి నీళ్ళలోనే ఉండిపోతాయి. అందుకని ఒడ్డెక్కి, చంద్రయ్యను దాటి, చింతచెట్టు దాటి, మెరక దాకా నడిచింది.

"ఇంక తిరుగు బిడ్డా. అన్నీ ఎక్కినయి" అని వెనకనుంచి చంద్రయ్య గొంతు వినబడింది.

ఓదెమ్మ తిరగకుండానే అడిగింది. "చిన్నది?"

"అది కొంచెం కొట్టుకపోయింది. పెద్ద పొట్టేలు కింది దిక్కు ఈదుతుంటే పోయి దాని డొక్కకు ఆనుకున్నది. దాని పక్కనే ఒడ్డెక్కింది. ఆ పొట్టేలును సరిగ్గ ఆడ పెట్టినోడెవడో నాకంటె నీకే ఎక్కువ తెలుసు" అన్నాడు చంద్రయ్య.

అప్పుడు తిరిగింది ఓదెమ్మ. మందంతా ఉంది. ఒళ్ళు దులుపుకుంటున్నాయి. ఎర్ర నీళ్ళు చిమ్ముతున్నాయి. బొల్లి గంట మోగుతోంది.

చంద్రయ్య తన రుమాలు విప్పి ఓదెమ్మ తల తుడిచాడు. రెండు మందలూ కలిసి ఊళ్ళోకి వస్తుంటే, ప్రతి గుమ్మం ముందూ ఆగి, "చూడుండ్రి, బండారి లేకుంట ఉత్త చేతితోని మందను దాటించుకొచ్చింది మా గట్టన్న బిడ్డ" అని చెప్పాడు. ఎవరూ అడగకపోయినా చెప్పాడు. ఓదెమ్మకి సిగ్గేసింది. కానీ తల మాత్రం దించలేదు.

ఇంట్లో గట్టయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. అంతా విన్నాడు. కూతుర్ని దగ్గరికి పిలిచాడు.

"రెండుసార్లు తిరిగి చూసిన నాయినా" అంది ఓదెమ్మ. దాచలేదు.

"మూడోసారి చూడలే కదా" అన్నాడు గట్టయ్య. తన గొంగడి తీసి దాని భుజాల మీద కప్పాడు. ఆ గొంగడి ఎంత పెద్దదంటే, ఓదెమ్మ పాదాలు కూడా కనబడలేదు.

మరుసటి ఏడు మళ్ళీ వాన వచ్చింది. గట్టయ్య కాలు ఎప్పుడో నయమైంది. వాగు దగ్గర కాపరులందరూ మందలతో నిలబడ్డారు. గట్టయ్య వచ్చి, ఎప్పటిలా ముందుకి వెళ్ళలేదు. మంద చివరికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఏం గట్టన్నా, గీడ నిలబడ్డవు? నీళ్ళను చూస్తే భయమైతుందా?" అన్నాడు చంద్రయ్య.

"ముందట నా బిడ్డ ఉన్నది" అన్నాడు గట్టయ్య. ఆ మాట వాగు ఒడ్డంతా వినబడేట్టు అన్నాడు.

ఓదెమ్మ బండారి చల్లింది. "బీరప్పా, ఎనక నువ్వు" అంది. నీళ్ళలో దిగింది. వెనక నాయిన ఉన్నాడని తెలుసు, నాయిన వెనక బీరప్ప ఉన్నాడని తెలుసు. ఇద్దరిలో ఎవర్నీ తిరిగి చూడలేదు. పొడుగ్గా పిలుస్తూ, నిటారుగా నడిచింది.

మంద చేరె దొడ్డికి,
మబ్బు చేరె గుట్టకి,
కథ చేరె కంచికి,
కంటిపాప నిద్రకి.